సవరణ: 'లైసెన్స్-పర్మిట్ రాజ్' 1991లో పుట్టిన మాట కాదు

గుంటూరు రాజకీయాల మీద గత వారం పెట్టిన పోస్టులో 'లైసెన్స్-పర్మిట్ రాజ్' (వ్యాపారం చేయాలంటే ప్రభుత్వ అనుమతులు తప్పనిసరైన పాలన) అనే మాట 1991 ఆర్థిక సంస్కరణలతో వచ్చిందని ఉంది. ఆ వాక్యాన్ని ఇలా చదవండి: దీన్ని వాడుకలోకి తెచ్చింది రాజాజీ (సి. రాజగోపాలాచారి), కాంగ్రెస్‌కు పోటీగా ఆయన పెట్టిన స్వతంత్ర పార్టీ రోజుల్లో.

అప్పట్లో 1951 పరిశ్రమల చట్టం ప్రకారం పెద్ద పరిశ్రమ పెట్టాలన్నా, ఉన్నదాన్ని పెంచాలన్నా కేంద్రం లైసెన్సు కావాల్సి వచ్చేది. అనుమతులిచ్చే పార్టీకి వ్యాపారుల దగ్గర విరాళాలు రాబట్టుకునే బలం కూడా వస్తుందని రాజాజీ వాదన. అంటే ఆఫీసుల్లో ఫైళ్ల ఆలస్యం గురించి మాత్రమే అన్న మాట కాదు.

కామెంట్లలో కొందరు స్వతంత్ర పార్టీ జమీందార్ల, మిల్లు యజమానుల పార్టీ అన్నారు. వాళ్లూ ఉన్నారు, నిజమే. కానీ 1959లో దాని తొలి అధ్యక్షుడు మన నిడుబ్రోలు రైతు కుటుంబంలో పుట్టిన ఎన్.జి. రంగా. ఆ ఏడాది జనవరిలో నాగపూర్ సమావేశంలో కాంగ్రెస్, రైతుల పొలాలు కలిపి చేసే ఉమ్మడి సహకార సేద్యానికి తీర్మానం చేసింది. సొంత పొలం చేజారిపోతుందన్న రైతు టెన్షన్ బాగా రంగాకు తెలుసు. నా దృష్టిలో ఆంధ్రలో ఆ పార్టీని అర్థం చేసుకోవాలంటే ఇక్కడినుంచే మొదలుపెట్టాలి.

1991 జులైలో చాలా పరిశ్రమలకు లైసెన్సులు ఎత్తేశారు. కానీ ఈ మాటను వాడుకలోకి తెచ్చిన స్వతంత్ర పార్టీ అంతకు చాలా ముందే, 1974లోనే భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది.