నెలకు పది కిలోలా? నా కొలతల పుస్తకం ఒప్పుకోదు

ఈ నెలలో ఒకే మెసేజ్ నాకు నాలుగు గ్రూపుల్లో వచ్చింది. చీటీల గ్రూపు, బడి పిల్లల తల్లుల గ్రూపు, పుట్టింటివాళ్ల గ్రూపు, చివరికి నాకు లైనింగ్ గుడ్డ అమ్మే అంగడాయన పెట్టిన గ్రూపు. చుట్టూ పూల బొమ్మలు, మధ్యలో పెద్ద అక్షరాలు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: 21 రోజులు పట్టుదలగా ఉంటే నెలకు 10 కిలోలు తగ్గడం గ్యారంటీ. అన్నం మానేసి రాగి సంగటి తినండి, ఎంత తిన్నా లావు కారు, మన తాతలు అట్లే సన్నగా ఉన్నారు. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో తేనె, నిమ్మరసం తాగితే కొవ్వు కరిగిపోతుంది. పొట్ట తగ్గాలంటే పొట్టకు వ్యాయామం చేయండి. ఒక్కరోజు తప్పినా మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలు. ఇంత చేసినా తగ్గలేదంటే లోపం మీ ఒంట్లో లేదు, మీ మనసులో ఉంది.

నేను డాక్టర్ని కాను. బీఎస్సీ చదివి, అనంతపురం పాతూరులో ఇరవై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. నా దగ్గర పదకొండు కొలతల పుస్తకాలున్నాయి. ఒక్కొక్కరి ఛాతీ, నడుము, చేతి లూజు, పక్కన తేదీ. ఎవరు ఎప్పుడు ఎంత పెరిగారో, ఎంత తగ్గారో వాళ్ల డాక్టరు కంటే నాకే బాగా తెలుసని నవ్వులాటకు అంటుంటాను కానీ, అందులో కొంత నిజముంది. పెళ్లిళ్ల సీజన్ వస్తే ప్రతి ఏడాదీ ఇద్దరు ముగ్గురైనా ఆది జాకెట్టు ఇస్తూ, "దీనికంటే రెండించులు టైట్ కుట్టక్కా, ముహూర్తానికి తగ్గిపోతా" అంటారు. ముహూర్తం ముందురోజు రాత్రి తొమ్మిదింటికి పక్క కుట్లు విప్పేది నేనే.

పది కిలోల మాట ముందు చూద్దాం. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి. పది కిలోలంటే 77,000. ముప్పై రోజులకు పంచితే రోజుకు 2,560 పైన తగ్గించాలి. 55 కిలోలుండి, ఎక్కువగా కూర్చుని పనిచేసే ఆడమనిషికి రోజంతటికీ కావలసింది 1,660 కేలరీలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లో ఇచ్చిన లెక్క. మనం ఇంకొంచెం లావు కాబట్టి 1,900 అనుకుందాం. నెలంతా నోట్లో మెతుకు పెట్టకపోయినా కరిగే కొవ్వు ఏడున్నర కిలోలు దాటదు. ఒంట్లో లేని ఖర్చును పట్టుదలతో ఎక్కణ్ణుంచి తెస్తాం?

"మరి మా తోడికోడలు వారంలోనే మూడు కిలోలు తగ్గిందే" అని అడుగుతారు. తగ్గి ఉండొచ్చు. శరీరం కొంత చక్కెరను గ్లైకోజెన్ రూపంలో కండరాల్లో, కాలేయంలో దాచుకుంటుంది. దాని ఒక్కో గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీళ్లు తోడుంటాయి. అన్నం మానేసిన మొదటి వారం ఆ నిల్వ ఖాళీ అవుతుంది, నీళ్లూ పోతాయి, కాటా మీద ముల్లు దిగుతుంది. ఆదివారం ఓళిగలతో భోజనం చేస్తే సగం సోమవారానికి తిరిగొస్తుంది. ఆ సోమవారమే చాలామంది "నా వల్ల కాదులే" అని వదిలేస్తారు. పోయింది కొవ్వు కాదు, వచ్చిందీ కొవ్వు కాదు. ఈ సంగతి ముందే చెప్పినవాళ్లుంటే అంత దిగులు ఉండేది కాదు.

రోజుకు 500, 550 కేలరీలు తగ్గించగలిగితే వారానికి అర కిలో. అదీ మొదట్లోనే. బరువు తగ్గేకొద్దీ ఒంటికి కావలసిన ఖర్చు కూడా తగ్గుతుంది కాబట్టి వేగం మందగిస్తుంది. ఆరు నెలల తర్వాత కాటా కదలకుండా మొండికేస్తే అది వింతేమీ కాదు.

ఇక సంగటి. దీని గురించి మాట్లాడితే మా ఊళ్లో తగాదాలవుతాయి, అయినా చెప్తాను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలో వంద గ్రాముల రాగుల్లో సుమారు 320 కేలరీలు, పచ్చి బియ్యంలో 356. తేడా అంతే. రాగుల గొప్ప వేరే చోట ఉంది: పీచు పదకొండు గ్రాములు, బియ్యంలో మూడు గ్రాములు కూడా లేదు. కాల్షియం 364 మిల్లీగ్రాములు. కడుపు నిండినట్టుంటుంది, మళ్లీ ఆకలి త్వరగా కాదు. ఇదంతా మంచిదే. కానీ "ఎంత తిన్నా" అన్న మాటతో ఆ మంచి అంతా పోతుంది. పైగా మనం ఇంట్లో చేసే సంగటిలో బియ్యం ఎంత పడుతుందో గెలికే చేతికి తెలుసు. ముద్ద మధ్యలో గుంట చేసి వేసుకునే నెయ్యి సంగతి సరే, పక్కన శెనిక్కాయల చట్నీ ఉంటుంది కదా. వంద గ్రాముల శెనిక్కాయ విత్తనాల్లో 500 కేలరీల పైనే ఉన్నాయి. ఇది శెనిక్కాయల జిల్లా. విత్తనాలు వలుస్తూ టీవీ చూసే అలవాటు మనకు పుట్టుకతో వచ్చింది, వలిచినవాటిలో సగం డబ్బాలో పడవు.

తాతల మాట కూడా అంతే. మా తాత సంగటి తిన్నది సన్నబడటానికి కాదు. వరి అన్నం పండగకు తప్ప దొరికేది కాదు. పొద్దున మడక కట్టి సాయంత్రం దాకా నల్లరేగడిలో నడిచేవాడు. కరువొచ్చిన ఏడాది ఆ సంగటికీ కరువే. ఆయన నడుము సన్నగా ఉందంటే అందులో ఆరోగ్యం ఎంతో, ఆకలి ఎంతో నేను చెప్పలేను. నేను పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా మిషన్ ముందు కూర్చుంటాను. అది కూడా మోటారు మిషన్, కాలితో తొక్కే పని కూడా లేదు. ఆయన తిన్న రెండు ముద్దలు నాకు ఎట్లా సరిపడతాయి?

ఇదే సందర్భంలో ఉగ్గాని గురించి ఒక మాట. బొరుగులు తేలికని అందరం అనుకుంటాం. నిజమే, గాలితో ఉబ్బినవి. కానీ మా వీధి చివర బండి ఆయన చేసేది దగ్గర నిలబడి చూడండి. నీళ్లలో వేసి పిండిన బొరుగులు మెత్తగా పక్కన పెడతాడు. బాణలిలో నూనె పోసి, ఆవాలు చిటపటలాడాక ఉల్లిగడ్డలు, పచ్చిమిర్చి, టమోటా, పసుపు. అవి మగ్గాక బొరుగులు కలిపి, పప్పుల పొడి చల్లి, ఇంకో గరిటె నూనె అంచు చుట్టూ తిప్పుతాడు. పెద్ద చెంచా నూనెంటే 120 కేలరీలు. పక్కన రెండు మిరపకాయ బజ్జీలు లేకుండా ప్లేటు చేతికివ్వడు, ఇస్తే మనమే ఊరుకోం. 70 కిలోల మనిషి గంటసేపు మామూలుగా నడిస్తే ఖర్చయ్యేది 250 కేలరీలకు అటూ ఇటూ. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో గంట నడిచి, తిరిగొస్తూ ఉగ్గాని బజ్జీ తిన్న నెలల్లో నా బరువు ఎందుకు కదల్లేదో నాకు చాలా ఆలస్యంగా వెలిగింది. ఉగ్గాని మానమని చెప్పను, నేనూ మానలేదు. ఆదివారానికి మార్చుకున్నాను.

తేనె, నిమ్మరసం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చిన్న చెంచా తేనెలో 20 కేలరీల చక్కెర ఉంటుంది. కొవ్వును కరిగించే గుణం అందులోనూ లేదు, నిమ్మకాయలోనూ లేదు, వేడినీళ్లలోనూ లేదు. చక్కెర వేసిన టీ మానేసి అది తాగితే ఆ చక్కెర మేరకు లాభం. అంతే.

పొట్టకు వ్యాయామం చేస్తే పొట్టే తగ్గుతుందన్నది కూడా తేలిపోయిన విషయమే. 1971లో టెన్నిస్ ఆటగాళ్ల చేతులు కొలిచి చూశారు. ఏళ్ల తరబడి ఒకే చేత్తో ఆడిన మనుషులు వాళ్లు. ఆడే చెయ్యి కండ పట్టి లావుగా ఉంది, కానీ చర్మం కింద కొవ్వు మందం రెండు చేతులకూ ఒకటే. ఒళ్లు కొవ్వును ఎక్కణ్ణుంచి తీసుకోవాలో మనల్ని అడగదు. పొట్ట వ్యాయామంతో కండ గట్టిపడుతుంది, మంచిదే. నా పుస్తకాల్లో మాత్రం తగ్గినవాళ్లకు ముందు చేతి లూజు మారుతుంది, నడుము తర్వాత ఎప్పటికో. ఇది నా కస్టమర్ల సంగతి, శాస్త్రమని చెప్పడం లేదు.

21 రోజుల కథ నాకు ఎక్కువ కోపం తెప్పించింది, ఎందుకంటే దాన్ని నమ్మి నేను రెండుసార్లు నడక మానేశాను. ఈ అంకె వెనక ఉన్నది మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్. ముక్కు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన 1960లో రాశారు. "కనీసం" అన్న మాట దారిలో రాలిపోయింది, ముక్కు కూడా రాలిపోయింది, 21 మిగిలింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి 2009లో ప్రచురించిన ఫలితం వేరే చెబుతుంది. భోజనానికి ముందు నడక, మధ్యాహ్నం ఒక పండు లాంటి కొత్త పని ప్రయత్నం లేకుండా జరిగిపోయే స్థితికి రావడానికి పట్టింది నడిమి లెక్కన 66 రోజులు. త్వరగా కుదిరినవాళ్లకు 18, ఆలస్యమైనవాళ్లకు 254 దాకా. ఇంకో సంగతి, మెసేజ్‌కు సూటిగా ఎదురు నిలిచేది: మధ్యలో ఒక్కరోజు తప్పినందువల్ల అలవాటు పాడు కాలేదు.

అనంతపురం ఏప్రిల్‌లో ఏ మనిషైనా రోజులు తప్పకుండా ఎట్లా నడుస్తుంది? ఆరున్నర దాటితే ఎండ వీపు మీద చురుక్కుమంటుంది. ఉగాది, జాతర, మేనత్త కూతురి సీమంతం. నీళ్ల ట్యాంకర్ వచ్చే రోజైతే నడక మాటే లేదు. మళ్లీ ఒకటో రోజు నుంచి లెక్క పెట్టాలంటే ఒకటో రోజు దాటేది ఎప్పుడు? ఇప్పుడు నేను క్యాలెండర్లో నడిచిన రోజు చుక్క పెడతాను. నెలకు 18 చుక్కలొస్తే నాకు చాలు.

ఇక చివరిది, మనసు లోపం. నాలుగేళ్ల కింద 78 కిలోలున్నప్పుడు ఒక జిమ్‌లో మూడు నెలల ప్యాకేజీ కట్టాను. ప్రతి శనివారం అందరి ముందూ కాటా ఎక్కించేవాళ్లు. ఐదో వారం ముల్లు కదల్లేదు. "మీరు ఇంట్లో ఏదో తింటున్నారు మేడం" అన్నాడు ట్రైనర్, పక్కన ఇద్దరు కాలేజీ పిల్లలు నవ్వారు. నేను తినలేదు. కానీ ఇంటికి పోయేలోపు నేనే దొంగనేమో అనిపించింది. ఆరో వారం పోలేదు.

పట్టుదలే చాలునంటే, అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్నవాళ్ల కంటే పట్టుదల ఎవరికుంటుంది? వాళ్లలో 14 మందిని ఆరేళ్ల తర్వాత కెవిన్ హాల్ బృందం పరీక్షించి 2016లో ప్రచురించింది. పోటీలో సగటున 58 కిలోలు తగ్గారు, ఆరేళ్లలో 41 కిలోలు తిరిగి పెరిగారు. ఆ సైజు మనిషికి ఉండాల్సిన దానికంటే వాళ్ల ఒళ్లు రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువ ఖర్చు చేస్తోంది. అంత వేగంగా తగ్గిన బరువును శరీరం కరువనుకుని పొదుపు మొదలుపెట్టిందన్నమాట. రాయలసీమ మనిషికి ఇది విడమరిచి చెప్పాలా? అట్లాగని చేతులెత్తేయమని ఆ లెక్కకు అర్థం కాదు. 14 మందిలో కొందరు మొదటి బరువుకు తిరిగి పోలేదు.

మరి ఎంత తగ్గితే తగ్గినట్టు? 1997లో అమెరికాలో 60 మంది ఆడవాళ్లను చికిత్సకు ముందే అడిగారు: ఎంత తగ్గితే సంతోషం, ఎంతకు సరిపెట్టుకుంటారు, ఎంతైతే నిరాశ అని. వాళ్లు పెట్టుకున్న లక్ష్యం ఉన్న బరువులో 32 శాతం తగ్గడం. 48 వారాల తర్వాత సగటున 16 కిలోలు తగ్గారు. చిన్న విషయమా అది? అయినా సగానికి దగ్గరగా, 47 శాతం మంది, తాము "నిరాశ" అని చెప్పిన అంకెను కూడా చేరలేదు. పదహారు కిలోలు తగ్గీ ఓడిపోయామనుకున్నారు. ఈ మెసేజ్ చేసే నష్టం ఇదే. తగ్గనివ్వకపోవడం కాదు, తగ్గినదాన్ని కనబడనివ్వకపోవడం.

ఇంకో వైపు చూడండి. షుగర్ అంచున ఉన్న మూడు వేల పైచిలుకు మందితో అమెరికాలో చేసి 2002లో ప్రచురించిన పెద్ద పరీక్షలో లక్ష్యం 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక. ఆ గుంపులో షుగర్ రావడం 58 శాతం తగ్గింది. మన చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 531 మందితో చేసి 2006లో ప్రచురించినది ఇంకా దగ్గరిది: తిండి, నడక మార్చుకున్నవాళ్ల బరువు చెప్పుకోదగ్గంత తగ్గలేదు, అయినా షుగర్ ముప్పు 28.5 శాతం తగ్గింది. కాటా కదలని నెలల్లో కూడా లోపల పని జరుగుతోందని నేను చెప్పేది దీన్ని చూసే.

నడుము కొలుచుకోవాలంటే నా టేపే చాలు, ఒక వైపు ఇంచులు, తిరగేస్తే సెంటీమీటర్లు. జాకెట్టుకు కొలిచే చోటు కాదు. కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో, ఊపిరి మామూలుగా వదిలాక, బిగించకుండా చూడాలి. మన దేశపు మనుషులకు ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడమంటారు. నాది 97 ఉండేది, ఇప్పుడు 91. బరువు 78 నుంచి పదమూడు నెలల్లో 71కి వచ్చి, ఇప్పుడు 73 దగ్గర నిలబడింది. షుగర్, థైరాయిడ్ మందులు వాడేవాళ్లు ఏదైనా మొదలుపెట్టే ముందు తమ డాక్టర్ని అడగాలి, ఆ విషయంలో నా టేపుకు పని లేదు.

మొన్న బుధవారం చీటీల గ్రూపులో ఆ మెసేజ్ పెట్టినామే షాపుకొచ్చింది. ఆరు నెలల్లో 74 నుంచి 70కి వచ్చింది. ముఖం చిన్నబుచ్చుకుని ఉంది. "నాలుగే అక్కా. నాకు బుద్ధి లేదు, పట్టుదల లేదు." పోయిన దసరాకు కుట్టిన జాకెట్టు తొడిగించి అద్దం ముందు నిలబెట్టాను. రెండు పక్కలా వేళ్లతో పట్టి చూపించాను, ఒక్కో పక్క అర ఇంచుకు పైనే లూజు. కాసేపు చూసుకుంది. కొత్త కుట్టు లోపలికి వేస్తానన్నాను.

"పాత కుట్టు విప్పేసి, మిగిలిన గుడ్డ కత్తిరించెయ్ అక్కా. మళ్లీ లావు కాను."

కుట్టు వేశాను. గుడ్డ మాత్రం అట్లే మడిచి లోపల పెట్టాను. ఇస్త్రీ చేసి ఇస్తే, తిప్పి చూసి, నన్నూ చూసి, ఏమీ అనకుండా సంచిలో పెట్టుకుంది.