న్యూయార్క్‌లో హత్యలు తగ్గడం గిలియానీ రాకముందే మొదలైంది

రూడీ గిలియానీ గురించి ఏళ్లుగా ఫార్వర్డ్ అవుతున్న కథ ఇది: 1994లో ఆయన మేయరయ్యేదాకా న్యూయార్క్ నేరగాళ్ల చేతిలో ఉండేది. ‘పగిలిన కిటికీ’ సిద్ధాంతం పట్టుకుని, చిన్న తప్పునూ వదలకుండా ఊరిని ఒంటిచేత్తో బాగుచేశాడు. 2001 సెప్టెంబర్ 11 ఉగ్రదాడుల వేళ నగరాన్ని నిలబెట్టాడు. ట్రంప్ పక్కన చేరాకే పాడయ్యాడు. చివర్లో ‘మన నగరాలకూ ఇలాంటి మేయర్ కావాలి’ అని ఒక ముక్తాయింపు. ఇందులో ఒక్కో మాటా తీసి చూద్దాం.

ముందుగా ‘ఆయన వచ్చాకే నేరాలు తగ్గాయి’. హత్యల లెక్కతో మొదలుపెట్టాలి. దొంగతనాన్ని కాగితం మీద చిన్నది చేయవచ్చు గానీ, శవాన్ని లెక్కలోంచి తప్పించడం కష్టం. 1990లో నగరంలో 2,245 హత్యలు జరిగాయి. 1991లో 2,154, 1992లో 1,995, 1993లో 1,946. ఆ నాలుగేళ్లూ మేయర్ డేవిడ్ డింకిన్స్. అంటే గిలియానీ కుర్చీ ఎక్కేనాటికే సంఖ్య వరుసగా మూడేళ్లు దిగింది. ఆయన హయాంలో ఆ దిగుడు బాగా వేగం అందుకుంది: 1998లో 633. సెప్టెంబర్ 11 మృతులను పక్కన పెడితే 2001లో 649. ఇది చిన్న విషయం కాదు, ఒప్పుకోవాల్సిందే. అయితే 2001 చివర్లో ఆయన దిగిపోయాక కూడా తగ్గుదల ఆగలేదు. తర్వాతి మేయర్ బ్లూమ్‌బర్గ్ చివరి ఏడాది 2013లో 335, ఆ తర్వాతి మేయర్ డి బ్లాసియో కాలంలో 2017లో 292. అవే 1990లలో శాన్ డియాగో, లాస్ ఏంజెలెస్ లాంటి నగరాల్లోనూ హత్యలు పడిపోయాయి. క్రాక్ కొకైన్ అనే చౌక మాదకద్రవ్యం వ్యాపారం చల్లబడటం దేశమంతటికీ వర్తించిన కారణం.

‘పోలీసు బలగాన్ని పెంచింది ఆయనే’ అనేది రెండో మాట. దానికి డబ్బు 1991లో వచ్చింది. ‘సేఫ్ స్ట్రీట్స్, సేఫ్ సిటీ’ పథకాన్ని డింకిన్స్ ప్రతిపాదించి, రాష్ట్ర శాసనసభ చేత ఆమోదింపజేశాడు. ఖర్చు కోసం ఆదాయపు పన్ను మీద సర్‌చార్జి వేశారు. అప్పట్లో న్యూయార్క్‌లో నగర పోలీసు, సబ్‌వే పోలీసు, ప్రభుత్వ గృహ సముదాయాల పోలీసు అని మూడు దళాలుండేవి. మూడూ కలిపి సుమారు 38,000 మందికి చేర్చాలన్నది లక్ష్యం. సాయంత్రాలు బడులు తెరిచి పిల్లలకు కార్యక్రమాలు నడిపే ‘బీకన్’ కేంద్రాలకూ డబ్బు అందులోంచే. నియామకాలు, శిక్షణ పూర్తయి ఆ పోలీసుల్లో చాలామంది వీధిలోకి వచ్చేసరికి మేయర్ మారిపోయాడు. పన్ను వేసిన చెడ్డపేరు ఒకరికి, ఫలితం మరొకరికి. ఆ మూడు దళాలను 1995లో ఒక్కటి చేసిన ఘనత మాత్రం నిస్సందేహంగా గిలియానీదే.

1994లో నిజంగా కొత్తగా వచ్చింది కాంప్‌స్టాట్ అనే పోలీసు పద్ధతి. దాని రూపకర్త జాక్ మేపుల్, ఒకప్పటి సబ్‌వే పోలీసు లెఫ్టినెంట్. ఆయనను తెచ్చింది పోలీసు కమిషనర్ విలియం బ్రాటన్. అంతకుముందు నేరాల గణాంకాలు పైఅధికారులకు చేరడానికి నెలలు పట్టేది. మేపుల్ వాటిని వారం వారం తెప్పించి, ఏ నేరం ఏ మూల ఏ గంటలో జరిగిందో మ్యాపు మీద పెట్టించాడు. పొద్దున్నే ప్రెసింక్ట్ (ఒక్కో పోలీసు స్టేషన్ పరిధి) కమాండర్‌ను హెడ్‌క్వార్టర్స్‌కు పిలిచి అందరి ముందూ ప్రశ్నలు వేసేవారు: ఈ వీధిలో తుపాకీ కేసులు పెరిగాయి, ఏం చేశావు? పోయిన సమావేశంలో చెప్పింది చేశావా? పద్ధతి పనిచేసింది. దాని జబ్బు కూడా దానిలోనే ఉంది. జవాబు చెప్పలేని కమాండర్‌కు అంకెలను దిద్దాలనిపిస్తుంది. న్యూయార్క్ చట్టంలో మామూలు దొంగతనం 1,000 డాలర్లు దాటితేనే పెద్ద నేరం. పోయిన వస్తువు విలువ కాస్త తగ్గించి రాస్తే కేసు పెద్ద నేరాల జాబితాలోంచి జారిపోతుంది. ఇలాంటి ఒత్తిడి ఉండేదని తర్వాత రిటైరైన అధికారులే చెప్పారు. బ్రాటన్ 1996 జనవరిలో టైమ్ పత్రిక ముఖచిత్రమయ్యాడు. మేయర్‌తో పొసగక కొద్ది నెలల్లోనే వెళ్లిపోవాల్సి వచ్చింది.

ఇక పగిలిన కిటికీ. చిన్న తప్పులను వదిలేస్తే పెద్ద నేరాలు పుడతాయన్నది దాని సారం. విల్సన్, కెల్లింగ్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ వ్యాసం రాసింది 1982లో. న్యూయార్క్‌లో దాన్ని గట్టిగా ప్రయోగించిన చోటు సబ్‌వే, 1990లో, బ్రాటన్ అక్కడి పోలీసు అధిపతిగా ఉన్నప్పుడు. టికెట్ లేకుండా గేటు దూకినవాళ్లను పట్టుకుంటే ఏడుగురిలో ఒకరి మీద పాత వారంటు ఉండేది. పనిచేసింది ఆ వారంటు తనిఖీ, ఆయుధాల వెతుకులాట. కఠినత్వమే మంత్రమైతే, అది సడలగానే నేరాలు పెరగాలి కదా! బ్లూమ్‌బర్గ్ కాలంలో, 2011లో, పోలీసులు 6,85,724 సార్లు జనాన్ని వీధిలో ఆపారు, చాలామందిని సోదా చేశారు. 2013లో ఆ తీరు రాజ్యాంగ విరుద్ధమని ఫెడరల్ కోర్టు తీర్పిచ్చింది. 2014లో అలా ఆపడం 50,000 సార్ల లోపుకి పడిపోయింది. హత్యలు పెరగలేదు, 333 దగ్గర నిలిచాయి.

గిలియానీ ఖాతాలో వేసే మరో రెండు పనులూ అంతే. సిగ్నళ్ల దగ్గర కారు అద్దాలు తుడిచి డబ్బులడిగేవాళ్లను తొలగించడం 1993లోనే, డింకిన్స్ కాలపు పోలీసు కమిషనర్ రేమండ్ కెల్లీ కింద మొదలైంది. టైమ్స్ స్క్వేర్‌కు డిస్నీని రప్పించిన ప్రాథమిక ఒప్పందం కుదిరింది డింకిన్స్ చివరి రోజుల్లో.

సెప్టెంబర్ 11న గిలియానీ వీధిలో నిలబడి, టీవీలో నెమ్మదిగా, నిజాయితీగా మాట్లాడి జనానికి ధైర్యమిచ్చాడు. ఆ గౌరవం ఆయనకు దక్కాల్సిందే. కానీ సన్నద్ధత సంగతి వేరు. 1993లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ మీద బాంబు దాడి జరిగినా, 1999లో ప్రారంభించిన అత్యవసర కమాండ్ కేంద్రాన్ని అదే ఆవరణలో, ఏడో నంబరు భవనం 23వ అంతస్తులో పెట్టారు. నగరంలోనే మరో ప్రాంతమైన బ్రూక్లిన్ మెరుగని అత్యవసర విభాగం అధిపతి జెరోమ్ హౌవర్ 1996లో రాసి ఇచ్చాడు. అవసరమైన రోజునే ఆ కేంద్రాన్ని ఖాళీ చేయాల్సి వచ్చింది, సాయంత్రానికి భవనమే కూలింది. ఎత్తయిన భవనాల్లో ఫైర్ సిబ్బంది రేడియోలు సరిగా పనిచేయవని 1993లోనే తెలిసింది. 2001 మార్చిలో ఇచ్చిన కొత్త రేడియోలు విఫలమై వెనక్కి తీసుకున్నారు, పాతవే మిగిలాయి. దక్షిణ టవర్ 9:59కి కూలింది, ఉత్తర టవర్ 10:28కి. ఆ మధ్యలో బయటికి రమ్మన్న ఆదేశం లోపలున్న చాలామందికి వినబడలేదు. పోలీసు హెలికాప్టర్ల హెచ్చరికలు అందడానికి రెండు శాఖలకూ ఉమ్మడి కమాండ్ లేదు. 343 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు. ఆ ప్రాణాలన్నీ రేడియోల వల్లే పోయాయని మేం అనడం లేదు. కానీ ఎనిమిదేళ్ల లోపాన్ని ఆ ఒక్క రోజు ప్రసంగాలు కప్పేయకూడదు.

‘మనకూ ఇలాంటి మేయర్’ అనేవాళ్లకు ఒక్క మాట. న్యూయార్క్‌లో పోలీసు కమిషనర్‌ను నియమించేది, తీసేసేది మేయరే. హైదరాబాద్‌లో, విజయవాడలో పోలీసు రాష్ట్ర ప్రభుత్వం కింద ఉంటుంది. మేయర్ మాట అక్కడ చెల్లదు.

చివరిది, ‘ట్రంప్ దగ్గరికి వెళ్లాకే మారాడు’. 1992 సెప్టెంబర్‌లో డింకిన్స్‌కు వ్యతిరేకంగా డ్యూటీలో లేని పోలీసులు సిటీ హాల్ దగ్గర అల్లరి చేసిన రోజున వాళ్లను ఉద్దేశించి ప్రసంగించింది ఈ గిలియానీయే. 2000 మార్చిలో ప్యాట్రిక్ డోరిస్‌మండ్ అనే నిరాయుధుణ్ని మఫ్టీ పోలీసులు కాల్చి చంపారు. అప్పుడు, గోప్యంగా ఉండాల్సిన అతని బాల్యపు కేసు రికార్డును బయటపెట్టించింది మేయరే. చనిపోయినవాడు జవాబు చెప్పుకోలేడు. 2020 అధ్యక్ష ఎన్నికల్లో జార్జియా రాష్ట్రంలో ఓట్ల లెక్కింపులో మోసం చేశారని ఆయన నిందించిన ఇద్దరు మహిళా సిబ్బంది బతికే ఉన్నారు, కోర్టుకెళ్లారు. 2023 డిసెంబర్‌లో జ్యూరీ, ఆయన వాళ్లకు 14.8 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించాలని తేల్చింది. 2024 జులైలో న్యూయార్క్ కోర్టు ఆయన లాయర్ లైసెన్సును రద్దు చేసింది.