చెరువు హద్దు ప్రజల చేతికి అందాలి

2024 సెప్టెంబరు చివర్లో మూసీ ఒడ్డునున్న బస్తీల్లో అధికారులు ఇళ్ల గోడల మీద ఎర్రరంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ (ఆర్‌బీ అంటే రివర్ బెడ్, నదీగర్భం) అని గుర్తులు వేసుకుంటూ వెళ్లారు. మా దగ్గర రిజిస్ట్రేషన్ కాగితాలున్నాయి, ఇంటిపన్ను కడుతున్నాం, కరెంటు బిల్లులు వస్తున్నాయి, మరి మా ఇల్లు నదీగర్భంలో ఎలా ఉంటుందని అక్కడివారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నది హద్దు ఎక్కడితో ఆగుతుందో ఇల్లు కొనేనాడు వారు చూసుకునే వీలుంటే ఆ ప్రశ్న ఆనాడే తేలిపోయేది. నది, చెరువు, నాలా, అడవి హద్దులను కొలిచి పటాలుగా గీసే పని ప్రజాధనంతోనే జరుగుతోంది. ఆ గీతలను ఎవరైనా తమ ఫోనులో తెరిచి, తమ స్థలంతో సరిపోల్చుకోగల రూపంలో అందించడం మాత్రం జరగడం లేదు. హైదరాబాద్‌లో పర్యావరణాన్ని కాపాడాలనుకునే ఏ ప్రభుత్వమైనా మొట్టమొదట చేయవలసిన పని ఇదేనని మేం భావిస్తున్నాం.

పటాలకు కొదవున్న నగరం కాదిది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్న తరువాత, 1912-15 మధ్య లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో నగరమంతా ఇల్లిల్లూ, వీధివీధీ కొలిచి పటాలు గీశారు. వందేళ్లు దాటినా పరిశోధకులు నేటికీ వాటినే వెతుక్కుంటున్నారు. దేశ ఉపగ్రహ చిత్రాలను సమకూర్చే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం బాలానగర్‌లో ఉంది. ఉపగ్రహాల నుంచి సంకేతాలు అందుకునే కేంద్రం షాద్‌నగర్‌లో ఉంది. దేశానికంతటికీ సర్వేయర్లను తయారుచేసే సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉప్పల్‌లో ఉంది. ఇంతటి విద్య ఉన్న ఊళ్లో సామాన్యుడికి తన కాలనీ పక్క చెరువు హద్దు తెలియకపోవడం మనసును నొప్పించే విషయం.

సాంకేతికత ఇప్పుడు ఎవరి గుత్తసొత్తూ కాదు. అమెరికా లాండ్‌శాట్ ఉపగ్రహాలు 1972 నుంచి తీసిన చిత్రాలన్నీ 2008 నుంచి ఉచితంగా దొరుకుతున్నాయి. ఐరోపా వారి సెంటినల్-2 ఉపగ్రహాలు పది మీటర్ల స్పష్టతతో దాదాపు అయిదు రోజులకోసారి ప్రతి ప్రాంతాన్నీ చిత్రిస్తాయి. అవీ ఉచితమే. వాటిని చదవడానికి క్యూజీఐఎస్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉంది. ఓపిక ఉన్న డిగ్రీ విద్యార్థి ఎవరైనా ఒక మామూలు కంప్యూటర్ ముందు కూర్చుని, గత ముప్పై ఏళ్లలో ఒక చెరువు ఏ వైపు నుంచి పూడుకుపోయిందో ఏడాది వారీగా చూపించవచ్చు. నీరు పరారుణ కాంతిని పీల్చుకుంటుంది, పచ్చని ఆకు దాన్ని వెనక్కి కొడుతుంది. ఈ తేడాతోనే నీటిని, చెట్టును, కట్టడాన్ని వేరుచేసి చూస్తారు.

అయితే ఉపగ్రహ చిత్రం ఒక్కటే చాలదు. మన చెరువుల విషయంలో అది మోసం చేసే చోట్లున్నాయి. మురుగు చేరిన చెరువుల మీద గుర్రపుడెక్క అల్లుకుపోయి ఉంటే చిత్రంలో అది పచ్చిక బయలులా కనిపిస్తుంది, కింద నిండా నీళ్లున్నా సరే. వేసవిలో ఎండిన శిఖం (చెరువు గర్భంలోని నేల) బీడులా కనిపిస్తుంది. అసలు చెరువు హద్దుగా లెక్కించే ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్) అనేది కంటికి కనిపించే నీటి అంచు కాదు. అలుగు మీదుగా నీరు పొర్లబోయే ముందు చెరువు ఎంతవరకు నిండుతుందో అంతవరకు గీసే మట్టం గీత అది. దాన్ని తేల్చాలంటే నేల ఎత్తుపల్లాలు తెలియాలి. ఉచితంగా దొరికే ఎత్తుల పటాల్లో కొన్ని మీటర్ల తేడా ఉండవచ్చు. చెరువు ఎగువన నేల వంద మీటర్లకు అర మీటరు మాత్రమే వాలి ఉన్నచోట, ఎత్తులో అర మీటరు పొరపాటు పడితే హద్దు వంద మీటర్లు జరిగిపోతుంది. ఆ వంద మీటర్లలో ఎన్ని ఇళ్లుంటాయో ఎవరికివారే ఊహించుకోవచ్చు. అందువల్ల అలుగు దగ్గర లెవెలింగ్ పరికరం పెట్టి సర్వేయరు కొలిచిన గీతకు ప్రత్యామ్నాయం లేదు. ప్రభుత్వం బయటపెట్టవలసింది సరిగ్గా ఆ గీతనే.

బయటపెట్టాం కదా అని అధికారులు అనవచ్చు. చెరువుల ఎఫ్‌టీఎల్ పటాలను, నోటిఫికేషన్లను హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ) తన వెబ్‌సైట్‌లో ఉంచిన మాట నిజమే, అది మంచి అడుగే. కానీ అవి పీడీఎఫ్ రూపంలో ఉన్న బొమ్మలు. బొమ్మను మరో పటం మీద పరచలేం. ఒక ప్లాటు ఆ గీతకు ఇవతల ఉందో అవతల ఉందో మీటర్లలో తేల్చుకోలేం. నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువు చుట్టూ 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. పీడీఎఫ్ చూసి 9 మీటర్లు కొలవగలిగే కొనుగోలుదారు ఎవరుంటారు? అదే గీతను కంప్యూటర్ పటాల మీద పరచగల షేప్‌ఫైల్, జియోజేసన్ వంటి ఫైలుగా ఇస్తే, సర్వే నంబర్లున్న గ్రామ నక్షా మీద దాన్ని పరిచి నిమిషాల్లో తెలుసుకోవచ్చు. బ్యాంకు రుణం ఇచ్చే ముందు, రిజిస్ట్రేషన్ జరిగే ముందు, నిర్మాణ అనుమతి ఇచ్చే ముందు కంప్యూటరే హెచ్చరించగలదు.

గొలుసుకట్టు చెరువుల సంగతి చూస్తే ఈ అవసరం ఇంకా స్పష్టమవుతుంది. ఒక చెరువు అలుగు పారితే ఆ నీరు నాలా గుండా కింది చెరువుకు చేరాలి. 2020 అక్టోబరులో కుంభవృష్టి కురిసి బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగినప్పుడు హఫీజ్‌బాబానగర్ నీట మునిగింది. నీరు ఎటు వెళ్లాలో పాత కాలువలకు తెలుసు. ఆ కాలువల మీద కట్టుకున్న ఇళ్లవారికి మాత్రం తెలియదు. చెరువుల గీతలతోపాటు వాటిని కలిపే నాలాల గీతలు కూడా ప్రజలకు దొరికితే, ఏ వీధికి ఎక్కడి నుంచి ముప్పు వస్తుందో కాలనీ సంఘాలే వానాకాలానికి ముందు లెక్కగట్టుకోగలవు. మాసబ్‌ట్యాంక్ లాంటి చోట చెరువు పేరులో మాత్రమే మిగిలింది. చెత్తతో పూడిపోయిన అంబర్‌పేట బతుకమ్మ కుంటను 2025లో చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా తవ్విస్తే మళ్లీ నీరొచ్చింది. పోయిందనుకున్న కుంట కూడా తిరిగి వస్తుందని దీన్నిబట్టి తెలుస్తోంది. అది ఎక్కడుండేదో రాసిపెట్టి ఉండాలి, అంతే.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలి మరో పాఠం. 2025 మార్చి చివర్లో అక్కడి 400 ఎకరాల్లో చెట్లు నరుకుతున్నప్పుడు రకరకాల చిత్రాలు, వీడియోలు ఫోన్లలో తిరిగాయి. వాటిలో కొన్ని కృత్రిమ మేధతో తయారైనవని ప్రభుత్వం ఆక్షేపించింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నరికివేతను ఆపింది. ఏది నిజం, ఏది కల్పన అన్న తగువులో తేదీతో సహా ఎవరైనా సరిచూసుకోగల సాక్ష్యం ఉపగ్రహ చిత్రమే. అంతకుముందు వారం పచ్చగా ఉన్నది ఈ వారం ఎర్రమట్టిగా మారితే అది దాగదు. ప్రభుత్వమే ఎప్పటికప్పుడు ఇలాంటి పోలికలను ప్రకటించే అలవాటు చేసుకుంటే పుకార్లకు చోటుండదు. కట్టుకథల్ని కేసులతో ఆపడం కష్టం, కొలతలతో సులభం.

విధానాల పరంగా అడ్డంకులేమీ లేవు. కేంద్రం 2021 ఫిబ్రవరిలో విడుదల చేసిన మార్గదర్శకాలు పటాల తయారీకి ముందస్తు అనుమతుల చెరను తొలగించాయి. ప్రజాధనంతో రూపొందిన భౌగోళిక డేటా దేశంలోని వారికి అందుబాటులో ఉండాలని చెప్పాయి. 2022 డిసెంబరు నాటి జాతీయ జియోస్పేషియల్ విధానం అదే దారిని విస్తరించింది. తెలంగాణ 2016లోనే ఓపెన్ డేటా విధానాన్ని ప్రకటించి, వర్షపాతం, ఉష్ణోగ్రతల వివరాలను పోర్టల్‌లో ఉంచింది. వాన లెక్కలు తెరిచినందుకు ఎవరికీ నష్టం జరగలేదు, రైతుకూ పరిశోధకుడికీ మేలే జరిగింది. చెరువుల గీతల విషయంలో ఆ ధైర్యం ఎందుకు సడలాలి?

డేటా తెరిస్తే కబ్జాదారులు వాడుకుంటారనే వాదన ఒకటుంది. కబ్జాదారుడికి ఏ సర్వే నంబరు ఎక్కడుందో ఇప్పటికే తెలుసు. తెలియనిది అతని దగ్గర ప్లాటు కొనే ఉద్యోగికి, ఆటో డ్రైవరుకు. గీత తప్పయితే యజమాని నష్టపోతాడనే ఆందోళనలో మాత్రం నిజముంది. దానికి మందు గోప్యత కాదు. ప్రతి గీతతోపాటు అది ప్రాథమిక నోటిఫికేషనా, తుది నోటిఫికేషనా, ఎవరు ఏ రోజున కొలిచారు, ఎన్నడు సవరించారు అనే వివరాలు కూడా ఉండాలి. అభ్యంతరం చెప్పుకునే గడువు, వినే అధికారి ఉండాలి. శిఖంలో పట్టాలున్న రైతుల హక్కును పటం తేల్చలేదు. అది చట్టం ప్రకారం, పరిహారంతో తేలవలసిన విషయం. సెలవు రోజున అధికారులు యంత్రాలు తీసుకెళ్లి కట్టడాలు కూల్చడాన్ని 2024 సెప్టెంబరులో హైకోర్టు నిలదీసిన సంగతి మరువరాదు. యజమానుల పేర్లు, అరుదైన పక్షులు గూళ్లు పెట్టే చోట్లు పటంలో చూపాల్సిన పనే లేదు.

ఈ పనిలో ప్రజలకు కూడా వాటా ఉండాలి. ప్రజలే కలిసి గీసే ఉచిత ఆన్‌లైన్ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరైనా తమ ఊరి కుంటను, తూమును, నాలాను గుర్తించవచ్చు, తెలుగులోనే పేరు రాయవచ్చు. అలుగు ఎక్కడ ఉండేదో, వాగు ఎటు తిరిగేదో చెప్పగల పెద్దలు మణికొండలో, నాగోలులో, రామంతాపూర్‌లో ఇంకా ఉన్నారు. కళాశాలల భూగోళశాస్త్ర విభాగాలు విద్యార్థులను వారి దగ్గరకు పంపితే ఏ ఉపగ్రహానికీ చిక్కని సమాచారం దొరుకుతుంది. అలా సేకరించినదాన్ని సర్వేయరు కొలతతో సరిచూసే ఏర్పాటును హెచ్ఎండీఏ, జీహెచ్ఎంసీ చేయాలి.

నగరంలోని చెరువులన్నింటి సర్వే పూర్తయ్యేదాకా ఆగనవసరం లేదు. తుది నోటిఫికేషన్ వెలువడిన చెరువుల గీతలను ముందుగా, పీడీఎఫ్ వెనుకనున్న అసలు ఫైళ్ల రూపంలో, ఎవరైనా వాడుకునే అనుమతితో విడుదల చేయాలి. వాటికి కొత్త సర్వే అక్కర్లేదు, కొత్త చట్టమూ అక్కర్లేదు. మిగిలిన చెరువుల గీతలను కొలత ముగిసినవి ముగిసినట్టే చేరుస్తూ పోవచ్చు. వచ్చే వానాకాలం లోపు తొలి విడత విడుదల చేస్తామని పురపాలక శాఖ తేదీతో సహా ప్రకటించాలి.