పాసౌట్ అన్నందుకు పిల్లని నవ్వులపాలు చెయ్యాలా?

మా అక్క కూతురు వారం రోజులుగా ఇంగ్లీషులో నోరు విప్పట్లేదు. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో మాక్ ఇంటర్వ్యూ అట, "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2023" అని మొదలుపెట్టిందో లేదో, "అయ్యో, ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్ళారమ్మా?" అన్నాడట అక్కడి సారు. క్లాసంతా ఒకటే నవ్వు. ఎందుకు నవ్వుతున్నారో కూడా దానికి తెలీదు. ఇంటికొచ్చి ఫోన్‌లో వెతుక్కుంటే, పాసౌట్ అంటే స్పృహ తప్పడం అని వచ్చింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ సెంటర్ మెట్ల దగ్గర గోడకి అంటించిన వాకిన్ ఇంటర్వ్యూ కాగితం మీద "2023, 2024 పాసౌట్స్ మాత్రమే" అని ఉంది, పిల్లని దింపడానికి వెళ్ళినప్పుడు నేనే చూశాను.

అసలు ఆ మాట తప్పే కాదు. బ్రిటిష్ ఇంగ్లీషులో సైన్యంలోనో పోలీసులోనో ట్రైనింగ్ ముగించుకుని బయటికి రావడాన్ని అలాగే అంటారు, డిక్షనరీల్లోనే ఉంది. మన శివరాంపల్లి అకాడమీలో ఐపీఎస్‌ల ట్రైనింగ్ అయిపోతే పేపర్లో పాసింగ్ అవుట్ పరేడ్ అనేగా రాస్తారు! ఆ మాటనే మనం కాలేజీలకీ వాడుకుంటున్నాం. అమెరికా వాళ్ళకి మాత్రం ముందు స్పృహ తప్పడమే తడుతుంది, అదీ నిజమే. "అమెరికా క్లయింట్‌తో అయితే గ్రాడ్యుయేటెడ్ అనమ్మా" అని చెప్తే సరిపోయేది, అర నిమిషం పట్టదు.

పాస్ అవుట్ లాగా క్రియకి ఇంకో చిన్న ముక్క తగిలించిన మాటలు, ఫ్రేజల్ వర్బులు, చాలావరకు అంతే, రెండు ముక్కల అర్థాలు కలిపి చూస్తే దొరకవు. పాస్ అవే అంటే చనిపోవడం, పాస్ ఆన్ అంటే పక్కవాళ్ళకి అందించడం, ఒక్కోసారి అదీ చనిపోవడమే. మనకి మాత్రం లేవా? కరెంటు పోయింది, పరువు పోయింది, నిద్రపోయాడు, తాతగారు పోయారు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది బిహార్, పక్కనున్న కిరాణా కొట్లో తెలుగు నేర్చుకున్నాడు. ఇక్కడ ఊరికి పోయిండు అంటే వెళ్ళాడనే కదా, అది పట్టుకుని ఒకరోజు మా నాన్న గురించి ఎవరో అడిగితే "సార్ పోయారు" అన్నాడు, అడిగినాయనకి గుండె ఆగినంత పనైంది. మా అమ్మ నవ్వలేదు. "ఊరికి అని కూడా చెప్పాలి బాబూ, ఉత్తినే పోయారంటే వేరే అర్థం" అంది. అతను ఇప్పుడు అందరితో గలగలా మాట్లాడతాడు.

రాత్రి పిల్లని కూర్చోబెట్టి డిక్షనరీలో ఆ రెండో అర్థం చూపించాను. చాలాసేపు చూసి, "మరి సార్‌కి తెలీదా పిన్నీ?" అంది.