ఆరు కాళ్ళ కుక్క

డాగ్ షోకి సరిగ్గా ఒక్క రోజు ముందు మా తమ్ముడికి కాలు బెణికింది. పోనీ కుక్కతో పరిగెడుతూ బెణికిందా అంటే అదీ కాదు, మంచం దిగుతూ. మా భీముడికి నెలల తరబడి ట్రైనింగ్ ఇచ్చింది వాడు, రింగ్‌లో తిప్పాల్సింది వాడు, నా డ్యూటీ అంతా కారు నడపడం, నీళ్ళ బాటిల్ మొయ్యడం, వాళ్ళు బయటికొచ్చాక చప్పట్లు కొట్టడం. అలాంటిది వాడు కాలి మీద ఐస్ పెట్టుకుని నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు, చిన్నప్పుడు వాడి హోంవర్క్ నా చేత రాయించుకునే ముందు కూడా అచ్చం అలాగే చూసేవాడు.

"ఏముంది అన్నయ్యా, వాడికి అంతా వచ్చు, నువ్వు లీష్ పట్టుకుని పక్కన నడిస్తే చాలు" అన్నాడు.

వాడికి అంతా వచ్చు అన్నది నిజమే. నాకేం వచ్చో ఎవరూ అడగలేదు, అక్కడే వచ్చింది చిక్కంతా.

భీముడు నల్ల లాబ్రడార్, 16 నెలల వాడు. ఆ రాత్రి హాల్లో సోఫా పక్కకి జరిపి నాకు క్రాష్ కోర్సు మొదలైంది. కుక్క ఎప్పుడూ నా ఎడమ పక్కనే ఉండాలి, రింగ్ చుట్టూ గడియారం ముళ్ళకి రివర్స్‌లో తిరగాలి, ఎందుకంటే జడ్జి మధ్యలో ఉంటారు, జడ్జికీ కుక్కకీ మధ్యలోకి మనం రాకూడదు. చూడ్డానికి వచ్చింది కుక్కని కదా, మన నడుముని కాదు కదా అన్నాడు, ఆ నడుము ప్రస్తావన అవసరం లేదని నా అభిప్రాయం. కాలర్ మెడ కింద వేలాడకుండా చెవుల వెనక పైకి ఉండాలి. లీష్‌లో మిగిలిన భాగం అరచేతిలోకి మడిచి పెట్టుకోవాలి, పతాకంలా ఊపుకుంటూ తిరగకూడదు.

తర్వాత స్టాకింగ్. అంటే కుక్కని జడ్జి ముందు ఫొటోకి నిలబెట్టినట్టు నిలబెట్టడం. ముందు కాళ్ళు భుజాల కింద నిటారుగా ఉండాలి, వెనక కాళ్ళు కాస్త వెనక్కి పెట్టి మడమ నుంచి పాదం దాకా నేలకి నిలువుగా దిగాలి. వినడానికి ఎంత తేలికో చూడండి. నేను ఒక కాలు సర్ది రెండో కాలికి వెళ్ళేసరికి మొదటిది జరిగేది, నాలుగోది పెట్టేసరికి వాడు కూర్చునేవాడు. "తల వదిలేస్తున్నావు అన్నయ్యా, కుడి చేత్తో తల పట్టుకో, తల ఎటు తిరిగితే బరువు అటే పోతుంది" అని కుర్చీలోంచి అరుపులు. ముందు కాలు సర్దాలంటే పంజా పట్టుకుని లాగకూడదట, మోచేతి దగ్గర పట్టుకుని ఎత్తి పెట్టాలట. పంజా పట్టుకుంటే ఏమవుతుంది అంటే, మా వాడు షేక్‌హ్యాండ్ అనుకుంటాడు. ఆ రాత్రి నాకు సుమారు 40 షేక్‌హ్యాండ్‌లు ఇచ్చాడు, విసుక్కోకుండా, మర్యాదగా.

మర్నాడు మంచి నల్ల ప్యాంటు, నల్ల షర్టు వేసుకుని తయారయ్యాను. ఫార్మల్‌గా ఉండాలి అన్నారు కదా అని. నల్ల కుక్క పక్కన నల్ల ప్యాంటు వేసుకుంటే కుక్క ఆకారం విడిగా కనపడదని, అందుకే హ్యాండ్లర్లు కుక్క రంగుకి తేడాగా ఉండే బట్టలు వేసుకుంటారని మా వాడికి గుర్తొచ్చింది ఎప్పుడో తెలుసా, నేను ఆర్మ్‌బ్యాండ్ కట్టుకుని రింగ్ గేటు దగ్గర నిలబడ్డాక. "ఇప్పుడు దూరం నుంచి చూస్తే ఆరు కాళ్ళ కుక్కలా ఉన్నారు ఇద్దరూ కలిసి" అన్నాడు.

మా క్లాసు 18 నెలల లోపు వాటిది, మొత్తం నాలుగు కుక్కలు. అందరం ఒకసారి చుట్టూ పరిగెత్తాలి. ఉడకబెట్టిన లివర్ ముక్కలు చిన్నచిన్నగా కోసి జేబులో పెట్టుకున్నాను, బెయిట్ అంటారు దాన్ని, కుక్క చెవులు నిక్కబొడుచుకుని ఉత్సాహంగా కనపడ్డానికి. పెట్టుకున్నాను సరే, ఎడమ జేబులో పెట్టుకున్నాను. కుక్క ఉండేది ఎడమ పక్క. ఇంకేముంది, రింగ్ మొత్తం వాడి ముక్కు నా జేబులో, ఒళ్ళు ఇంకెక్కడో, ముందు కాళ్ళు ఒక దారి వెనక కాళ్ళు ఒక దారి. దీన్ని క్రాబింగ్ అంటారని తర్వాత తెలిసింది, ఎండ్రకాయ నడకన్నమాట, జడ్జిలకి అస్సలు నచ్చదు. ముక్కు వదిలించుకుందామని నేను అవతలికి జరుగుతున్నాను, వాడు నాతోపాటు జరుగుతున్నాడు, అలా ఇద్దరం రింగ్ తాడు దాకా వెళ్ళి తాడుని తన్నుకుని వెనక్కొచ్చాం. మా వెనక వస్తున్న గోల్డెన్ రిట్రీవర్... కాదు కాదు, అదీ లాబ్రడారే, గోధుమ రంగుది, నా జేబులోంచి రాలిన ముక్కలన్నీ ఏరుకుంటూ వచ్చింది. ఆ హ్యాండ్లర్ నన్ను చూసిన చూపు గురించి రాయను.

తర్వాత ఒక్కో కుక్కని విడిగా చూస్తారు. జడ్జి మేడమ్ చాలా శాంతంగా దగ్గరికొచ్చి అడిగారు, "వయసెంత?"

"ముప్ఫై తొమ్మిది మేడమ్."

ఆవిడ నన్నొకసారి, కుక్కనొకసారి చూశారు. "నెలలా?"

అప్పుడైనా నా బుర్ర పనిచెయ్యాలి కదా. అవునన్నాను. పక్కనే ఉండి జడ్జికి సాయం చేసే స్టీవార్డ్ కంగారుగా కాగితాలు తిరగేశారు, 39 నెలల కుక్క ఈ క్లాసులోకి ఎలా వచ్చిందని. తాడు అవతల నుంచి మా తమ్ముడు, "పదహారు మేడమ్, పదహారు, ముప్ఫై తొమ్మిది అన్నయ్యది" అని అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్ళందరికీ నా వయసు తెలిసిపోయింది. కుక్కల్లో ఇది బ్రీడ్ ప్రకారం లెక్కేస్తే ఎంతో అని ఎవరో అనుకోవడం కూడా వినపడింది.

పళ్ళు చూడ్డానికి ఆవిడ పెదవి పైకెత్తారు. పై పళ్ళు కింది పళ్ళ మీదకి కత్తెర మూసినట్టు ఆనుకుని ఉండాలి, మా వాడివి అలాగే ఉంటాయి, అది మాకు గర్వం. కాకపోతే ఇంట్లో ప్రాక్టీస్‌లో మా తమ్ముడు పళ్ళు చూసిన ప్రతిసారీ వెంటనే ఒక లివర్ ముక్క పెట్టేవాడు. కాబట్టి పళ్ళు చూసినవాళ్ళు ముక్క పెట్టాలి అన్నది భీముడి న్యాయశాస్త్రం. రెండు క్షణాలు ఆగాడు, పెట్టలేదు. మర్యాదగా పంజా ఎత్తి ఆవిడకి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. అప్పటికీ పెట్టకపోతే ఆవిడ కోటు జేబు వాసన చూశాడు.

"తీసుకెళ్ళి తీసుకురండి" అన్నారు. తిన్నగా అటు చివరికి వెళ్ళి, తిన్నగా వెనక్కి రావాలి. కుక్క అటు వెళ్ళేటప్పుడు వెనక కాళ్ళు, ఇటు వచ్చేటప్పుడు ముందు కాళ్ళు ఎలా పడుతున్నాయో చూస్తారు. నేను భయపడి మెల్లిగా నడిచాను, లీష్ బిగించి. మెల్లిగా నడిస్తే ఇంకో సమస్య, కుక్క ట్రాట్, అంటే ఎదురు మూలల కాళ్ళు జతగా వేసే చిన్న పరుగు, మానేసి పేసింగ్‌లోకి దిగుతుంది, ఒకే వైపు కాళ్ళు రెండూ కలిసి వేస్తూ పడవలా ఊగుతూ నడుస్తుంది. "వేగం, అన్నయ్యా, వేగం!" అని అరుపు. సరే అని పరుగందుకున్నాను. అందుకోవడమే, అరచేతిలో మడిచిన లీష్ కాస్తా విడిపోయి నా బూటు కిందకి వచ్చింది, దాన్ని తియ్యబోయి వంగాను, ఎడమ జేబులోంచి మిగిలిన లివర్ అంతా గడ్డి మీద పడింది, లీష్ చేతిలోంచి జారింది.

అప్పుడు జరిగింది చెప్తే మీరు నమ్మరు. భీముడు లివర్ వైపు చూడలేదు. ఎవరూ లేకుండా, తల ఎత్తి, లీష్ పక్కన ఈడ్చుకుంటూ, గీత గీసినట్టు అటు చివరికి ట్రాట్ చేసుకుంటూ వెళ్ళాడు, తిరిగాడు, అదే గీత మీద వెనక్కొచ్చి జడ్జికి మూడడుగుల దూరంలో ఆగి, నాలుగు కాళ్ళూ ఎవరూ సర్దక్కర్లేకుండా పెట్టుకుని, తోక వెనక్కి నిఠారుగా చాపి నిలబడ్డాడు. లాబ్రడార్ తోక నీటికుక్క తోకలా మొదట్లో లావుగా, చివరికి సన్నగా ఉండాలంటారు, ఆ తోక అప్పుడు చూడాలి. నేను మాత్రం రింగ్ మధ్యలో మోకాళ్ళ మీద ఉన్నాను, చేతిలో గడ్డి, లివర్.

చుట్టూ చప్పట్లు. జడ్జి మేడమ్ నవ్వు ఆపుకుంటూ, "చాలా బావుంది, ఇంకోసారి, ఈసారి మీరు కూడా వెళ్ళండి" అన్నారు. వెళ్ళాను. మళ్ళీ పడవ.

నాలుగింట్లో మూడో స్థానం వచ్చింది. గోధుమ రంగుదానికి ఫస్ట్, మా లివర్ తిని. అక్కడ ప్రతి కుక్క గురించీ జడ్జి చెప్పింది రాసి కాగితం చేతికిస్తారు. కార్లో మా తమ్ముడు కాలు డ్యాష్‌బోర్డ్ మీద పెట్టుకుని పైకి చదివాడు. తల చక్కగా ఉంది, పళ్ళు సరిగ్గా ఉన్నాయి, తోక చాలా బాగుంది, స్వభావం స్నేహంగా ఉంది. నడక, ఒంటరిగా ఉన్నప్పుడు, అద్భుతం.

వాడు ఆ కాగితాన్ని లామినేషన్ చేయించాడు. భీముడి ఫొటో పక్కన గోడకి పెట్టాడు, ఎవరొచ్చినా ముందు ఆ చివరి లైను చూపించి, తర్వాత నన్ను చూపిస్తున్నాడు.