కంటి లేజర్ చేసే డాక్టరుకు కార్నియా అనుభవం ఎంత?

పెళ్లి సంబంధాలు చూడటం మొదలుపెట్టినప్పుడు, పోలీసు నోటిఫికేషన్ వస్తుందని వార్త పొక్కినప్పుడు హన్మకొండ, కరీంనగర్ లాంటి ఊళ్లలో అద్దాల అవసరం తీసేసే కంటి లేజర్ గురించి వాకబు చేసేవాళ్లు కనిపిస్తారు. వాళ్లు ముందు అడిగేది రేటు, ఆ తర్వాత మెషిన్ పేరు. డాక్టరు ఎవరని అడిగితే రిసెప్షన్‌లో ఒక కరపత్రం చేతిలో పెడతారు. నవ్వుతున్న ఫొటో, పేరు పక్కన నాలుగైదు డిగ్రీలు, వేల ఆపరేషన్ల అనుభవం ఉందని ఒక లైను. అందులో అబద్ధమేమీ ఉండకపోవచ్చు. కానీ లేజర్‌కు పోయేవాళ్లకు నిజంగా అక్కరకొచ్చే సంగతి చాలాసార్లు అందులో ఉండదు.

డిగ్రీల ముచ్చట త్వరగా తేల్చేద్దాం. ఎంబీబీఎస్ తర్వాత కంటి వైద్యంలో ఎంఎస్ మూడేళ్లు. ఢిల్లీ ఎయిమ్స్‌లో దాన్నే ఎండీ అంటారు. డీఎన్‌బీ కూడా దానికి సమానమే. డీఓ అని ఉంటే రెండేళ్ల డిప్లొమా. ఎఫ్‌ఐసీఓ పరీక్షలు రాసి తెచ్చుకునేది, సబ్జెక్టు వచ్చని చెప్తుంది, చేతిపని గురించి ఏమీ చెప్పదు. గోల్డ్ మెడల్ కూడా అంతే. ఇక అద్దాల షాపులో కళ్లు చూసే ఆయన్ను మనం డాక్టరు సారనే పిలుస్తాం గానీ ఆయన ఆప్టోమెట్రిస్టు. పవర్ చూసి అద్దాలు రాయడం వరకే ఆయన పని. పేరు వెనక గుర్తింపు ఉన్న అర్హతలే రాసుకోవాలని, రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్‌లో, చీటీ మీద, రసీదు మీద కూడా ఉండాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెప్తున్నాయి. ఆ నంబరు కనపడకపోతే అక్కడే ఆగి అడగాలి.

ఎంఎస్ ఉంటే చాలు కదా అనుకుంటే, ఆ మూడేళ్లలో ఏం చేశారన్నది చూడాలి. కాకతీయ మెడికల్ కాలేజీ 1959 నుంచి ఉంది, దానికి అనుబంధంగా వరంగల్‌లో ప్రాంతీయ కంటి దవాఖాన నడుస్తోంది. జనగామ, ములుగు, భూపాలపల్లి నుంచి ముసలివాళ్లను బస్సెక్కించుకొని తీసుకొచ్చేది ఎక్కువగా శుక్లాల కోసమే. సర్కారు దవాఖానలో చదివిన పీజీకి శుక్లం ఆపరేషన్‌లో చెయ్యి తిరుగుతుంది. బాగా ముదిరి గట్టిపడ్డ శుక్లాన్ని తీయడం వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి. అద్దాలు తీసేసే లేజర్ వేరు. దాన్ని జనం సొంత డబ్బులతో ప్రైవేటులో చేయించుకుంటారు కాబట్టి పీజీలో స్వయంగా చేసే అవకాశం అరుదు.

అందుకే ఎంఎస్ తర్వాత కొందరు హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్, మధురైలో అరవింద్, చెన్నైలో శంకర నేత్రాలయ లాంటి చోట్ల కార్నియా ఫెలోషిప్ అనే అదనపు శిక్షణ తీసుకుంటారు. కార్నియా అంటే నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పారదర్శకమైన పొర. లేజర్ తాకేది దాన్నే. ఆ ఫెలోషిప్‌లో వాళ్లు చూసేది లేజర్ కేసులు మాత్రమే కాదు. వరికోతల్లో గడ్డి తగిలి పుండు పడి, ఫంగస్ పట్టి, తెల్లగా మారిన కళ్లు చూస్తారు. కార్నియా మార్పిడులు చేస్తారు. కార్నియా పలచబడి ముందుకు శంకువులా పొడుచుకొచ్చే కెరటోకోనస్ పిల్లల్ని ఏళ్ల తరబడి ఫాలో అవుతారు. మెషిన్ కొన్నప్పుడు కంపెనీ ఇచ్చే ట్రైనింగ్ వేరు. అది బటన్లు, కొలతలు నేర్పుతుంది, అవసరమే. కరపత్రంలో మాత్రం రెండూ ఒకే సైజు అక్షరాల్లో పడతాయి.

లేజర్‌లో కోత పని ఎలాగూ మెషిన్ చేస్తుంది కదా, మరి ఇంత కార్నియా చదువు ఎందుకు? ఇందులో వాడే ఎక్సైమర్ లేజర్ చుట్టుపక్కల కాల్చకుండా కణజాలాన్ని పొరపొరగా తీసేస్తుందని 1981లో ఐబీఎం ల్యాబులో కనిపెట్టిన ముగ్గురిలో ఒక్కరూ డాక్టరు కాదు. వాళ్లలో ఒకాయన మద్రాసు యూనివర్సిటీలో కెమిస్ట్రీ చదివిన రంగస్వామి శ్రీనివాసన్. పండగ భోజనంలో మిగిలిన టర్కీ కోడి మీద దాన్ని ప్రయత్నించి చూశారట! ఇప్పటి మెషిన్లు కన్ను కదిలితే తామూ కదులుతాయి. సర్జన్ అసలు పని అంతకుముందు ఉంటుంది. ఈ కంటికి చేయాలా, వద్దా అని తేల్చడం.

ఒక లెక్క వేద్దాం. 22 ఏళ్ల అమ్మాయి, మైనస్ 8 పవర్, ఏడాదిగా మారలేదు. కార్నియా మందం 480 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). సాధారణంగా 520, 540 దగ్గర ఉంటుంది కాబట్టి ఇది పలచనే. లాసిక్ అనే లేజర్ పద్ధతిలో ముందు పైపొరను ఫ్లాప్‌లా లేపుతారు, 110 మైక్రాన్లు అనుకుందాం. తర్వాత 6 మిల్లీమీటర్ల వెడల్పున లేజర్ కొడితే మైనస్ 1 పవర్‌కు 12 మైక్రాన్ల చొప్పున మైనస్ 8కి 96 పోతుంది. ఫ్లాప్‌ను మళ్లీ పరిచినా అది మునుపటిలా అతికి బలం ఇవ్వదు కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేయాలి. మిగిలింది 274. కనీసం 250 మిగలాలన్న పాత నియమం ప్రకారం ఈ అమ్మాయి పాస్. కానీ మొత్తం మందంలో 43 శాతం పోయినట్టే. 40 దాటితే రిస్క్ పెరుగుతుందని తర్వాతి కాలంలో తేలింది. 300 మిగలనిదే చేయమనే సర్జన్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. పైగా కార్నియా వెనక వైపు మ్యాపులో చిన్న ఉబ్బు ఉందా, ఇంట్లో ఎవరికైనా కెరటోకోనస్ ఉందా, ఈ అమ్మాయికి కళ్లు గట్టిగా నలిపే అలవాటుందా? ఇవేవీ ఆ 274 అంకెలో లేవు.

ఇక్కడ పొరపాటు జరిగితే మర్నాడే తెలియదు. మొదటి ఏడాది చూపు బ్రహ్మాండంగా ఉండొచ్చు. తర్వాతెప్పుడో కార్నియా ముందుకు సాగి, చూపు మసకబారి, అద్దాలతో కూడా సరికాని స్థితి వస్తుంది. దీన్ని ఎక్టేసియా అంటారు. దానికి వైద్యం కార్నియాను గట్టిపరిచే క్రాస్‌లింకింగ్, ప్రత్యేకమైన లెన్సులు, ఏదీ కుదరకపోతే కార్నియా మార్పిడి. అలాంటి కళ్లకు వైద్యం చేసిన సర్జన్ ఈ అమ్మాయి కేసు పేపర్లు చూసి లేజర్ వద్దంటాడు. కంటి లోపల పెట్టే ఐసీఎల్ లెన్సు గురించి మాట్లాడతాడు, లేదంటే అద్దాలే పెట్టుకోమంటాడు. అందుకే వేల ఆపరేషన్లు చేశామన్న అంకె నాకు పెద్దగా ఆనదు. వచ్చినవాళ్లలో ఎంతమందిని వెనక్కి పంపారో చెప్పే కరపత్రం ఉంటే దాన్ని నమ్ముతాను. ఫెలోషిప్ లేకుండానే ఇరవై ఏళ్లలో ఈ వివేకం సంపాదించిన సీనియర్లూ ఉన్నారు, వాళ్లను తీసిపారేయడం నా ఉద్దేశం కాదు.

మన ఊళ్లకు ప్రత్యేకమైన సమస్య ఇంకోటుంది. హైదరాబాద్ సర్జన్ ఆదివారం వస్తాడు, చకచకా కేసులు చేసి సాయంత్రానికి వెళ్లిపోతాడు. ఆయన చదువు గొప్పదే కావొచ్చు. సోమవారం రాత్రి నిద్రలో కన్ను నలుపుకొని ఫ్లాప్ ముడతపడితే, లేదా మూడోరోజు ఫ్లాప్ కింద వాపు మొదలైతే చూసేదెవరు? దాన్ని లేపి కడిగి సర్దడం ఊళ్లో ఉన్న డాక్టరుకు వచ్చా? రాకపోతే నూటయాభై కిలోమీటర్లు, మండుతున్న కంటితో, తోడొకరితో. కరపత్రంలో ఫొటో ఉండాల్సింది ఈ రెండో డాక్టరుది కూడా.

ఇంకొకటి, చదువులతో సంబంధం లేనిది. ఖాజీపేట రైల్వే ఊరు. అసిస్టెంట్ లోకో పైలట్ అవుదామని ప్రిపేరయ్యే కుర్రాళ్లు ఇక్కడ చాలామంది. ఆ పోస్టుకు ఏ-1 వైద్య ప్రమాణం, అద్దాలు లేకుండా చూపు పూర్తిగా ఉండాలి. లేజర్ చేయించుకుంటే దారి క్లియర్ అవుతుందనుకుంటారు. కానీ లాసిక్ చేయించుకున్నవాళ్లు ఆ పోస్టుకు అర్హులు కారని రైల్వే నోటిఫికేషన్లలోనే ఉంటుంది. పోలీసు, ఆర్మీ నిబంధనలు మళ్లీ వేరు. కాబట్టి ముందు చీటీలో రాయాల్సింది పవర్ కాదు, ఏ ఉద్యోగానికి ప్రిపేరవుతున్నావన్న ప్రశ్నకు జవాబు. దాన్ని ఏ కౌన్సెలరైనా అడగొచ్చు. అడిగితే ఒక కేసు చేజారొచ్చు కూడా, అందుకే అది డాక్టరు నోటి నుంచే రావాలి.