జెన్‌లో ఎస్టీమ్ ఇంజన్: ‘బోల్టులు బిగిస్తే చాలు’ అనే మాట తప్పు

పాత మారుతి జెన్ ఓనర్ల మధ్య ఒక సందేశం తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: జెన్ ఇంజన్ పోతే రిపేరు దండగ, మారుతిదే ఇంకో కారు ఎస్టీమ్ ఇంజనో పాత స్విఫ్ట్ 1.3 పెట్రోల్ ఇంజనో తెచ్చి పెట్టుకోండి. ఒకే ఫ్యామిలీ కాబట్టి అలాగే కూర్చుంటుంది, ఒక్కరోజు పని. కారు తేలిక కాబట్టి మైలేజీ పెరుగుతుంది. బ్రేకులు ముట్టుకోనక్కర్లేదు. ఆర్‌టీఏలో ఇంజన్ నంబరు ఎక్కిస్తే అంతా లీగల్.

ఇందులో నిజమైన మాట ఒక్కటే, ఫ్యామిలీ ఒకటే కావడం. జెన్‌లోది జీ10బీ. బోరు (సిలిండరు వ్యాసం) 72 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 61 మి.మీ., నాలుగు సిలిండర్లకు 993 సీసీ. ఎస్టీమ్‌లోది జీ13. బోరు 74, స్ట్రోకు 75.5, మొత్తం 1298 సీసీ. రెండూ సుజుకీ జీ సిరీస్‌వే. అందుకే ఈ మార్పిడి అసాధ్యమని ఎవరూ అనరు, చేసినవాళ్లున్నారు. కానీ ఫ్యామిలీ ఒకటైనంత మాత్రాన కొలతలు ఒకటి కావు. స్ట్రోకు ఒక్కటే 14.5 మి.మీ. ఎక్కువ. బ్లాకు ఎత్తు, ఇన్‌టేక్ మానిఫోల్డ్ బానెట్‌కు ఎంత దగ్గరగా వస్తుంది, సంపు (ఇంజన్ అడుగు ఆయిల్ తొట్టి) కింద క్రాస్ మెంబరుకు (ఛాసిస్ అడ్డ దూలం) ఎంత ఖాళీ మిగులుతుంది, ఎగ్జాస్ట్ డౌన్ పైపు ఎటు దిగుతుంది అనేవి ఇంజన్ కొనకముందే టేపు పెట్టి కొలవాలి. పైగా ఎస్టీమ్ ఇంజన్ అంటే ఒక్కటే రకం కాదు. మొదట్లో వచ్చిన కార్బ్యురేటర్ ఇంజన్ శక్తి 65 బీహెచ్‌పీ, తర్వాత వచ్చిన 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే రకం) ఇంజన్‌ది 85. ఏది కొంటున్నారో తెలియకుండా ‘ఎస్టీమ్ ఇంజన్’ అని అడిగితే స్క్రాప్ షాపువాడు తన దగ్గరున్నదే ఇస్తాడు.

‘ఒక్కరోజు పని’ అన్న మాట దగ్గరే ఎక్కువమంది మునుగుతారు. ఇంజన్ దించి ఎక్కించడం చెయ్యి తిరిగిన మెకానిక్‌కు నిజంగానే ఒక్కరోజు పనే. ఆ తర్వాత ఉండేదే అసలు పని.

కార్బ్యురేటర్ జెన్‌నే తీసుకోండి. అందులో పెట్రోలు పంపు ఇచ్చే ఒత్తిడి అర బార్ కూడా ఉండదు. ఎంపీఎఫ్ఐ ఇంజెక్టర్లకు 2.5 నుంచి 3 బార్ దాకా కావాలి. అంటే ఎలక్ట్రిక్ పంపు, ఆ ఒత్తిడికి తగ్గ ఫిల్టరు, రిటర్న్ లైను, ఇంజెక్షన్ కోసమే తయారైన హోసు, దానికి సరైన క్లాంపులు కొత్తగా పడాలి. ఎంపీఎఫ్ఐ జెన్ ట్యాంకు పంపుతో సహా దొరికితే అది మేలు. ఇక్కడ డబ్బు మిగుల్చుకుందామని పాత కార్బ్యురేటర్ రబ్బరు పైపునే ఉంచితే అది కొన్నాళ్లకు ఉబ్బి క్లాంపు దగ్గర చీలుతుంది. పెట్రోలు వేడి ఎగ్జాస్ట్ మీద చిమ్ముతుంది. ఇలాంటి కార్లు తగలబడటానికి ఇది ఒక ముఖ్యమైన దారి.

తర్వాత వైరింగ్. ఇంజన్, ఈసీఎం (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్), వైరింగ్ హార్నెస్ (వైర్ల కట్ట) మూడూ ఒకే కారువి అయి ఉండాలి. కనెక్టర్లు కట్ చేసి వైర్లు మెలిపెట్టి టేపు చుట్టిన హార్నెస్ వద్దే వద్దు. స్విఫ్ట్ ఇంజనైతే ఇమ్మొబిలైజర్ (సరైన తాళంచెవి లేకపోతే ఇంజన్‌ను స్టార్టవనివ్వనిది) కూడా ఉంటుంది. ఆ కారు తాళంచెవి, తాళం చుట్టూ ఉండే కాయిల్, ఈసీఎం కలిసి రాకపోతే స్టార్టర్ తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు. ఇక చాలామంది పట్టించుకోనిది స్పీడ్ సెన్సర్. పాత జెన్‌లో స్పీడోమీటరు కేబుల్‌తో నడుస్తుంది, ఈసీఎంకు మాత్రం స్పీడు సిగ్నల్ కరెంటు రూపంలో కావాలి. అది అందకపోతే ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర బ్రేకు వేసి క్లచ్ నొక్కగానే ఐడిల్ కిందికి పడి ఇంజన్ ఆగిపోతుంది. మెకానిక్ థ్రాటిల్ బాడీ కడుగుతాడు, ఐడిల్ వాల్వు మారుస్తాడు, ప్లగ్గులు మారుస్తాడు. జబ్బు ఇంకోచోట ఉంటుంది. బాడీ ఎర్త్, ఇంజన్ ఎర్త్, ఈసీఎం ఎర్త్ మూడింటినీ పెయింటు గీకి శుభ్రమైన లోహానికే బిగించాలి. ఎర్త్ వదులైనా ఇలాంటి తికమక లక్షణాలే వస్తాయి. ఇగ్నిషన్ వేయగానే చెక్ ఇంజన్ లైటు వెలిగి, స్టార్టయ్యాక ఆరాలి. ఆ బల్బు వైరే కలపకుండా ‘లైటు రావట్లేదు, అంతా బాగుంది’ అని బండి అప్పగిస్తే తీసుకోకండి.

గేర్‌బాక్స్ జెన్‌దే ఉంచితే క్లచ్ ప్లేటు స్ప్లైను (మధ్యలోని పళ్ల గాడి) దాని ఇన్‌పుట్ షాఫ్టుకు, ప్రెషర్ ప్లేటు కొత్త ఇంజన్ ఫ్లైవీలుకు, స్టార్టర్ పళ్లు రింగ్ గేరుకు సరిపోవాలి. ఈ మూడూ ఇంజన్ ఎక్కించకముందే నేల మీద పెట్టి చూసుకోవాలి. చిన్న ఇంజన్‌కు లాగుడు సరిపోయేలా అమర్చిన గేరింగ్ మీద ఎక్కువ టార్క్ పడితే ఆ భారమంతా గేరు పళ్లకు, డిఫరెన్షియల్‌కు, చక్రాలను తిప్పే షాఫ్టుల సీవీ జాయింట్లకు చేరుతుంది. మౌంటు బ్రాకెట్ ల్యాత్ దగ్గర అంచనాగా వెల్డింగ్ చేయిస్తే ఇంజన్ కాస్త వాలి కూర్చుంటుంది. అప్పుడు డ్రైవ్ షాఫ్ట్ కోణం మారి జాయింటు మీది రబ్బరు బూటు చిరుగుతుంది, గ్రీజు పోతుంది, మలుపులో టకటక మొదలవుతుంది.

ఎంపీఎఫ్ఐ జెన్ 60 బీహెచ్‌పీకి పెట్టిన రేడియేటర్ 85 బీహెచ్‌పీ ఇంజన్ వేడిని తీసెయ్యాలంటే కష్టమే. ఊళ్లో చలికాలం తిరిగి ‘టెంపరేచర్ బాగానే ఉంది’ అనుకోవద్దు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో మధ్యాహ్నం ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. పెద్ద కోరు రేడియేటర్, మంచి ఫ్యాను, కొత్త థర్మోస్టాట్, సగం కూలెంట్ సగం డిస్టిల్డ్ వాటర్ తప్పనిసరి. నింపాక లోపల గాలి పూర్తిగా పోయేదాకా ఇంజన్ నడిపించాలి. గాలి మిగిలితే సెన్సరుకు వేడి తెలియదు, హెడ్ వంగిపోతుంది.

‘బ్రేకులు ముట్టుకోనక్కర్లేదు’ అనేది ఈ సందేశంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట. బ్రేకు వేసినప్పుడు పుట్టే వేడి వేగం వర్గంతో (వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చేదానితో) పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల నుంచి ఆపడంతో పోలిస్తే 110 నుంచి ఆపడానికి బ్రేకులు దాదాపు 1.9 రెట్ల శక్తిని మింగాలి. కారు బరువు మారకపోయినా ఇదే లెక్క. ఇంజన్ పెద్దదైతే ఆ వేగం తరచుగా వస్తుంది, అందుకే కదా మార్చేది. పాతికేళ్ల నాటి హోసులు, అరిగిన డిస్కులు, 145 వెడల్పు టైర్లు అలాగే ఉంచి ఈ పని చేసే మెకానిక్‌ను నమ్మకూడదు.

దీనికి సమర్థనగా ‘కంపెనీయే జెన్‌లో 1.5 డీజిల్ పెట్టింది కదా, బాడీ తట్టుకుంటుంది’ అంటారు. పెట్టిన మాట నిజం. ఆ ప్యూజో 1527 సీసీ ఇంజన్ శక్తి 57 బీహెచ్‌పీ, ఎంపీఎఫ్ఐ పెట్రోల్ జెన్ కన్నా తక్కువే. అది ఇంజన్ బరువు గురించి చెప్పే సంగతి, 85 బీహెచ్‌పీ గురించి కాదు. పైగా కంపెనీ ఆ మోడల్‌కు వేరుగా పరీక్షలు చేయించి అనుమతి తీసుకునే అమ్మింది.

మైలేజీ సంగతి సూటిగా చెప్పొచ్చు. గేరింగ్ మార్చకపోతే అదే వేగంలో అదే ఆర్‌పీఎం. అప్పుడు 993కు బదులు 1298 సీసీ తిరుగుతుంది, లోపలి రాపిడి ఎక్కువ, గాలి వెళ్లే థ్రాటిల్ మరింత మూసుకుని ఉంటుంది. పెరగడానికి కారణమే లేదు.

ఇక ‘అంతా లీగల్’ అన్నది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చినవాటితో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఆర్‌సీలో ఇంజన్ నంబరే కాదు, సీసీ కూడా ఉంటుంది. పోయిన ఇంజన్ స్థానంలో అదే మేక్, అదే రకం ఇంజన్‌ను రిజిస్టరింగ్ అథారిటీ అనుమతితో పెట్టుకోవడం వేరు, 993 తీసి 1298 పెట్టడం వేరు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను కచ్చితంగా పాటించాల్సిందేనని తేల్చింది. అదే ఏడాది సవరణలో వచ్చిన 182ఏ(4) ప్రకారం ఓనర్‌కు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

‘ఎవరు చూస్తారు’ అనేవాళ్లకు: ఈ తరం జెన్ల తయారీ 2006లో ఆగింది. అంటే ప్రతి జెన్‌కూ 15 ఏళ్లు దాటాయి, ఐదేళ్లకోసారి రెన్యువల్ తప్పదు. అప్పుడు ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) బానెట్ ఎత్తించి ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిచూస్తారు. ఇన్సూరెన్స్‌లోనూ ఇదే గొడవ. 2022 జూన్‌లో వచ్చిన రేట్లలో 1000 సీసీ లోపు కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం 2,094 రూపాయలు, 1000 దాటి 1500 లోపు కారుకు 3,416. 993 సీసీ అని కట్టి 1298తో తిరుగుతూ ప్రమాదం చేస్తే, బాధితులకిచ్చిన పరిహారాన్ని ఓనర్ నుంచి రాబట్టాలని కంపెనీ వాదించడానికి మీరే కాగితం చేతికిచ్చినట్టు.

రోడ్డు మీద తిరిగే జెన్ అయితే సరైన దారి జీ10బీని బాగుచేయించుకోవడమే. ముందు వేడి ఇంజన్ మీద, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, నాలుగు ప్లగ్గులూ తీసి కంప్రెషన్ చూడండి. గేజీలో ఒత్తిడి సిలిండరుకు 14 కిలోల (చదరపు సెంటీమీటరుకు) దగ్గరుంటే ఆరోగ్యం, సిలిండర్ల మధ్య తేడా ఒక కిలో మించకూడదు. తక్కువ వచ్చిన సిలిండర్‌లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గ్యాస్కెట్. ఈ పరీక్ష చేయకుండానే ‘ఇంజన్ పోయింది’ అని తేల్చేసిన జెన్లలో వాల్వు సీళ్లు, టైమింగ్ బెల్టు, కార్బ్యురేటర్ ఓవరాలింగ్‌తో తేరుకునేవి చాలానే ఉంటాయి. బోరు నిజంగానే అరిగితే ఓవర్‌సైజు పిస్టన్లకు బోరింగ్ చేసే షాపులు విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఉన్నాయి. బ్లాకే పగిలిపోతే ఇంకో జెన్ ఇంజన్ తీసుకుని, దాని కొనుగోలు రసీదు దగ్గర పెట్టుకుని, బిగించకముందే ఆర్‌టీఏకు దరఖాస్తు చేయండి.